కాలిపర్లకు కిట్టు మార్చాక బ్రేకు పెడల్ మెత్తబడితే: కారణం కనుక్కునే క్రమం, సరిచేసే పద్ధతి

కారు ముందు చక్రాల కాలిపర్లను (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగాలను) విప్పి, కిట్టులోని కొత్త సీళ్లు, డస్టు బూట్లు వేసి, తిరిగి బిగించి, గాలి తీసి, తీరా సీట్లో కూర్చుని తొక్కితే పెడల్ సగం దాకా ఏ ఎదురూ లేకుండా దిగిపోవడం ఈ పని సొంతంగా చేసుకునేవాళ్లకు బాగా తెలిసిన అనుభవమే. అప్పుడు దాదాపు అందరూ చేసేది ఒకటే: లోపల ఇంకా గాలి ఉందనుకుని, మరో సీసా బ్రేక్ ఆయిల్ తెచ్చి, మళ్లీ గాలి తీయడం. మొదటిసారి కావలిలో మా ఇంటి ముందు నేనూ అదే చేశాను. ఒకటిన్నర లీటరు ఆయిల్ ఖర్చయ్యాక కూడా పెడల్ అలాగే ఉంది. చివరకు మా వీధిలో లారీల పని చేసే పెద్దాయన వచ్చి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, కాలిపర్ వంక ఒక్కసారి చూసి, "ఏంది అబ్బయ్యా, నిపిల్ కిందికి పెట్టి గాలి రమ్మంటే ఎట్టా వస్తది? గాలి పైకి గదా పోయేది!" అన్నారు. నిపిల్ అంటే కాలిపర్‌లోని గాలిని బయటికి వదిలే చిన్న బోలు బోల్టు. కుడివైపు కాలిపర్‌ను ఎడమకు, ఎడమవైపుది కుడికి బిగించి, రెండు రోజులు ఆయిల్ పోస్తూ కూర్చున్నానన్న మాట.

ఆ రోజు నుంచి నేను పాటించే క్రమం ఇది. మెత్తటి పెడల్‌కు గాలి ఒక కారణం మాత్రమే. పెడల్ నష్టపోతున్న దూరం ఎక్కడికి పోతోందో ముందు కనుక్కుని, ఆ తర్వాతే నిపిల్ మీద స్పానర్ పెట్టాలి. పెడల్ గట్టిపడేదాకా ఆ కారును వీధిలోకి కూడా తీయకూడదు. నేరుగా జాతీయ రహదారి 16 ఎక్కి చూద్దామనే ఆలోచన అసలే వద్దు.

దూరం ఎక్కడికి పోతుంది

ఒక చిన్న లెక్కతో విషయం స్పష్టమవుతుంది. ఉదాహరణకు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) లోపలి వ్యాసం 20.6 మిల్లీమీటర్లు, కాలిపర్ పిస్టన్ వ్యాసం 48 మిల్లీమీటర్లు, పెడల్ నిష్పత్తి 4:1 (పాదం నాలుగు మిల్లీమీటర్లు కదిలితే మాస్టర్ సిలిండర్ పిస్టన్ ఒకటి కదులుతుంది) అనుకుందాం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం సుమారు 333 చదరపు మిల్లీమీటర్లు, కాలిపర్ పిస్టన్ వైశాల్యం సుమారు 1,810 చదరపు మిల్లీమీటర్లు అవుతుంది. ముందు రెండు పిస్టన్లూ డిస్కుకు చేరడానికి ఒక్కొక్కటి ఉండవలసినదానికంటే అర మిల్లీమీటరు మాత్రమే ఎక్కువ జరగవలసి వస్తే, అందుకు 1.8 ఘన సెంటీమీటర్ల ఆయిల్ అదనంగా కావాలి. అంటే మాస్టర్ సిలిండర్ పిస్టన్ ఐదున్నర మిల్లీమీటర్లు, మీ పాదం దాదాపు 22 మిల్లీమీటర్లు అదనంగా కదలాలి. కంటికి ఆనని అర మిల్లీమీటరు సందు పాదం కింద దాదాపు ఒక అంగుళం అవుతుంది. ఇందులో గాలి బుడగ ఒక్కటి కూడా లేదన్నది గమనించండి.

గాలి లెక్క వేరు. ఒక ఘన సెంటీమీటరు గాలి 10 బార్ ఒత్తిడి దగ్గర పదకొండో వంతుకు కుంచించుకుపోతుంది కాబట్టి, అదే కారులో దానివల్ల పెడల్ సుమారు 11 మిల్లీమీటర్లు నష్టపోతుంది. అయితే ఈ నష్టం ఒక్కసారిగా ఉండదు. తొక్కేకొద్దీ కొంచెం కొంచెంగా గట్టిపడుతూ, వదిలితే పాదాన్ని వెనక్కు నెడుతూ, స్పాంజిని నొక్కినట్లు ఉంటుంది. ఈ తేడాను పాదం గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్లే.

మొదటి పని: ఇంజను ఆపి పెడల్‌ను చదవడం

ఇంజను నడుస్తున్నప్పుడు బూస్టర్ (ఇంజను వాక్యూమ్‌తో పాదానికి బలం చేర్చే డబ్బా) సాయం వల్ల మంచి పెడల్ కూడా కాస్త లోతుగా, మెత్తగా అనిపిస్తుంది. అందువల్ల ఇంజను ఆపి, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోయేదాకా ఐదారుసార్లు తొక్కి, ఒక అర నిమిషం ఆగి, అప్పుడు నిదానంగా ఒక్కసారి తొక్కి చూడాలి.

మొదటిసారి లోతుగా దిగి, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకి లేచి రాయిలా గట్టిపడి, కాసేపు వదిలేశాక మళ్లీ కిందికి దిగుతుంటే, పిస్టన్లు గానీ వెనక డ్రమ్ములోని బ్రేకు షూలు గానీ అవసరానికి మించి వెనక్కు పోతున్నాయని అర్థం చేసుకోవాలి. ఎన్నిసార్లు తొక్కినా స్పాంజి గుణం పూర్తిగా పోకపోతే గాలిని, వంగే ప్యాడ్లను, ఉబ్బే హోస్ పైపులను అనుమానించాలి. పెడల్ మొదట గట్టిగానే ఆగి, పాదం అలాగే అదిమి ఉంచితే నిమిషంలోపే మెల్లగా నేలవైపు జారుతుంటే, ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఒత్తిడిని నిలబెట్టలేకపోతోంది. ఈ మూడో రకంలో ఎంత గాలి తీసినా ఫలితం ఉండదు.

పాదం అదిమి ఉంచి ఇంజను స్టార్టు చేసినప్పుడు పెడల్ కొద్దిగా దిగి ఆగితే అది లోపం కాదు, బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు.

రెండో పని: కళ్లతో చూడటం

కారును చదునైన నేల మీద జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి, చక్రాలు విప్పాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చేయి పెట్టకూడదు. మొదట చూడవలసింది బ్లీడర్ నిపిల్ స్థానం. సాధారణంగా అది కాలిపర్‌లో ఆయిల్ గది పైభాగాన, పైపు కలిసే చోటుకంటే ఎత్తులో ఉంటుంది. చాలా కార్లలో కుడి ఎడమ కాలిపర్లు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయే తప్ప ఒకటి కావు. తారుమారైనా బోల్టులు చక్కగా పట్టేస్తాయి. నిపిల్ కిందికి వస్తే, పైన పోగైన గాలి ఎంత ఆయిల్ పోసినా కదలదు.

తర్వాత బాంజో బోల్టు (హోస్ పైపును కాలిపర్‌కు కలిపే బోలు బోల్టు) చుట్టూ, నిపిల్ మొదట్లో, డస్టు బూటు అంచున తడి ఉందేమో పొడి గుడ్డతో తుడిచి చూడాలి. బాంజో బోల్టుకు రెండు పక్కలా ఉండే రాగి వాషర్లు ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా పట్టవు. పది రూపాయలకు చూసుకుని పాతవే వేసిన చోట గాలి లోపలికి, ఆయిల్ బయటికి దారి చేసుకుంటాయి. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో నిపిళ్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. వాటికి రెండువైపులా నోరు తెరిచిన స్పానర్ కాక, ఆరు పలకల రింగు స్పానర్ వాడాలి. లేకపోతే తల అరిగిపోయి, కాలిపర్ మళ్లీ బల్ల మీదికి వస్తుంది.

మూడో పని: కాలిపర్ లోపలి తప్పులు

ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే గాలి తీసినా లొంగని కేసులు ఎక్కువగా ఇక్కడే తేలుతాయి.

కాలిపర్ పిస్టన్ చుట్టూ ఉండే సీలు అడ్డకోత చతురస్రంగా ఉంటుంది. ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు జరిగినప్పుడు సీలు దానితోపాటు కొద్దిగా మెలిపడి, ఒత్తిడి తగ్గగానే తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను ఒక వెంట్రుకవాసి వెనక్కు లాగుతుంది. ప్యాడ్లు డిస్కును రాసుకోకుండా ఉండేది ఈ ఏర్పాటు వల్లనే. సీలును పొడిగా బిగించినా, గాడిలో తుప్పు పొలుసులు మిగిలినా, సీలు మెలికపడి కూర్చున్నా, పిస్టన్ దాని మీదుగా జారదు. ప్రతిసారీ సీలుతోపాటు ముందుకు వంగి, మళ్లీ పూర్తిగా వెనక్కు పోతుంది. పైన లెక్కలో చెప్పిన అర మిల్లీమీటరు పుట్టేది ఇక్కడే.

దీనికి మందు పిస్టన్‌ను కసరత్తు చేయించడం. ఒక వైపు కాలిపర్‌ను బిగించే ఉంచి, రెండోదాన్ని బ్రాకెట్ నుంచి తప్పించి, హోస్ పైపు మీద బరువు పడకుండా తీగతో కట్టి, పిస్టన్ ఎదురుగా ఒక చెక్క ముక్క పెట్టాలి. పిస్టన్ పూర్తిగా ఊడి రాకుండా ఆ చెక్క మందం చూసుకోవాలి. ఒకరు నిదానంగా పెడల్ తొక్కితే పిస్టన్ ఐదారు మిల్లీమీటర్లు బయటకు వస్తుంది. దాని పక్కభాగానికి పలుచగా రబ్బరు గ్రీజు రాసి, సీ క్లాంపుతో మెల్లగా లోపలికి నెట్టాలి. నెట్టేటప్పుడు బ్రేక్ ఆయిల్ ట్యాంకు పొంగుతుందేమో చూసుకోవాలి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే, మొదట్లో పట్టి పట్టి కదిలిన పిస్టన్ వేలి కింద నునుపుగా జారడం మీకే తెలుస్తుంది. అప్పటికీ జారకపోతే విప్పి గాడిని శుభ్రం చేయడమే మార్గం. పిస్టన్ మీద క్రోమ్ లేచి గుంటలు పడితే ఎమ్రీ కాగితంతో సరిపెట్టకుండా పిస్టన్‌నే మార్చాలి.

మన షెడ్లలో ఏది కడగాలన్నా పెట్రోలో డీజిలో వాడే అలవాటు ఉంది. బ్రేకు సీళ్ల విషయంలో అది పనికిరాదు. ఈ రబ్బరు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు చక్రాల గ్రీజు కూడా అంతే హాని చేస్తుంది. లోపలి భాగాలను బ్రేక్ క్లీనర్‌తోనో కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో మాత్రమే కడిగి, కొత్త బ్రేక్ ఆయిల్ తడితోనే కూర్చాలి. పొరపాటున పెట్రోలుతో కడిగి ఉంటే, పెడల్ ఇప్పుడు బాగున్నా ఆ సీళ్లను నమ్మవద్దు.

ఇక గైడ్ పిన్నులు. ఒకే పిస్టన్ ఉన్న కాలిపర్ తన పిన్నుల మీద పక్కకు జరిగితేనే రెండో ప్యాడ్ డిస్కును చేరుతుంది. పిన్ను పట్టేస్తే కాలిపర్ జరగడానికి బదులు వంగుతుంది, ఆ వంపు పాదం కింద స్ప్రింగులా తెలుస్తుంది. పిన్నులను చేత్తో లోపలికి, బయటికి కదిపి చూసి, సిలికోన్ గ్రీజు పెట్టాలి. ఏటవాలుగా అరిగిన పాత ప్యాడ్లను కొత్తగా కిట్టు వేసిన కాలిపర్‌లో పెట్టినా ఇదే వంపు వస్తుంది. ఒకదాని మీద ఒకటిగా అదనపు షిమ్ములు (ప్యాడ్ వెనక ఉండే పలుచటి రేకులు) పెట్టడం, బ్రాకెట్ గాడిలో తుప్పు మీదే ప్యాడ్ చెవులను కొట్టి కూర్చోబెట్టడం కూడా ఆ కోవలోకే వస్తాయి. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ధూళిలో తిరిగే బండ్లలో ఆ గాడులు ధూళితో గట్టిగా బిగుసుకుపోయి ఉంటాయి. తీగ బ్రష్షుతో లోహం కనిపించేదాకా గీకాలి.

నిలిచి ఉన్నప్పుడు పెడల్ బాగుండి, మలుపు తిరిగాకో గతుకుల్లో వెళ్లాకో మొదటి తొక్కు మాత్రమే లోతుగా పోతుంటే, కాలిపర్‌ను వదిలి చక్రం బేరింగు ఆటను (వదులును), డిస్కు వంకరను చూడాలి. హబ్ ముఖం మీద తుప్పు పొలుసు మిగిలితే దాని మీద బిగించిన డిస్కు ఊగుతూ పిస్టన్లను వెనక్కు నెడుతుంది.

నాలుగో పని: ఏ చక్రమో తేల్చుకోవడం

రబ్బరు హోస్ పైపులు బాగున్న బండిలో, నున్నటి దవడలున్న హోస్ క్లాంపులతో ముందు రెండు పైపులను, వెనక పైపులను నొక్కి పట్టి పెడల్ తొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే పైపు లోపలి పొర చీలుతుంది. పగుళ్లు పడిన పాత పైపును, స్టీలు అల్లిక పైపును అసలు నొక్కకూడదు. అన్నీ మూసినప్పుడు పెడల్ పైనే ఆగి గట్టిగా ఉంటే మాస్టర్ సిలిండర్ నిర్దోషి. అప్పుడు క్లాంపులను ఒక్కొక్కటిగా వదులుతూ పోతే, దేన్ని వదిలినప్పుడు పెడల్ ఒక్కసారిగా కుంగుతుందో లోపం ఆ చక్రం దగ్గర ఉంది. కొద్దిపాటి దిగుడు ప్రతి చక్రానికీ సహజమే. అన్నీ మూసినా పెడల్ మెత్తగానే ఉంటే క్లాంపులకు ముందున్న భాగాన్ని, అంటే మాస్టర్ సిలిండర్‌నూ, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పెట్టెనూ అనుమానించాలి.

వెనక డ్రమ్ములున్న కార్లకు ఇంకో సులువైన పరీక్ష ఉంది. హ్యాండ్ బ్రేకును నాలుగైదు పళ్లు లాగి పెడల్ తొక్కండి. పెడల్ స్పష్టంగా పైకి వస్తే వెనక షూలు దూరంగా ఉన్నాయి. ముందు కాలిపర్ల మీద పని చేశాం కాబట్టి లోపం ముందే ఉంటుందనుకోవడం సహజం. కానీ వెనక షూల ఆట అంతకుముందు నుంచీ ఉండి, ఇప్పుడు కొత్తగా గమనించినవాళ్లు చాలామంది. అడ్జస్టర్‌ను తిప్పి షూ డ్రమ్ముకు పట్టేదాకా తెచ్చి, చక్రం చేత్తో తిరుగుతూ సన్నగా రాపిడి వినిపించే దగ్గరికి వదలాలి.

ఐదో పని: గాలి తీయడం

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ఈ పని. మూత సీలు తెరవని కొత్త సీసా కొనాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తీరప్రాంతపు ఉక్కలో సగం వాడి మూత పెట్టిన పాత సీసాను పది నెలల తర్వాత తీసి వాడటం పొదుపు కాదు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 విషయంలో ఆ అంకెలు 230, 155. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగే బండికి ఈ తేడా చాలా పెద్దది: దిగుడులో కాలిపర్ కాలి ఆయిల్‌లోని నీరు ఆవిరైతే, ఇంటి దగ్గర గట్టిగా ఉన్న పెడల్ అక్కడ మెత్తబడుతుంది. ట్యాంకు మూత మీద రాసిన రకమే వాడాలి. సిలికోన్‌తో చేసిన డాట్ 5ను వీటితో కలపకూడదు.

నిపిల్‌కు బిగుతుగా పట్టే పారదర్శకమైన సన్నటి గొట్టం కావాలి. చేపల తొట్టెల సామాను అమ్మే చోట, రొయ్యల హేచరీలకు గాలి గొట్టాలు అమ్మే దుకాణాల్లో అది దొరుకుతుంది. నెల్లూరు, ఒంగోలు వైపు దానికోసం వెతకనక్కర లేదు. వేడినీళ్లలో కొన ముంచితే నిపిల్ మీదికి సులువుగా ఎక్కుతుంది. గొట్టం మొదట కొంచెం పైకి లేచి, ఆ తర్వాత సీసాలోకి దిగేలా పెట్టి, రెండో కొనను సీసా అడుగున పోసిన కొత్త ఆయిల్‌లో ముంచాలి.

పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. ఏళ్ల తరబడి పెడల్ పై సగంలోనే కదిలిన మాస్టర్ సిలిండర్ అడుగు భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు నేలకంటా తొక్కితే రబ్బరు కప్పులు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతాయి. కాలిపర్ల పని తర్వాత మాస్టర్ సిలిండర్ "హఠాత్తుగా" పాడైందని చెప్పేవాళ్ల కథ చాలాసార్లు ఇదే.

చక్రాల వరుస కారును బట్టి మారుతుంది. సర్వీసు పుస్తకం చెప్పినదే చివరి మాట. అది లేనప్పుడు మాస్టర్ సిలిండర్‌కు ఎక్కువ దూరంలో ఉన్న చక్రంతో మొదలుపెట్టడం వాడుక. ఇద్దరు మనుషులు, మూడు మాటలు చాలు. చక్రం దగ్గర ఉన్నవాడు "తొక్కు" అంటాడు. సీట్లో ఉన్నవాడు నిదానంగా తొక్కి, అదిమి పట్టి "పట్టాను" అంటాడు. అప్పుడు నిపిల్‌ను పావు చుట్టు నుంచి అర చుట్టు వదులు చేస్తే ఆయిల్ వస్తుంది, పెడల్ చెక్క మీదికి దిగుతుంది. నిపిల్ బిగించాకే "వదులు" అనాలి. ఈ వరుస ఒక్కసారి తప్పినా, వదిలిన పెడల్ నిపిల్ దగ్గరి నుంచి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మా తమ్ముడు మొదట్లో నేను అడక్కముందే పాదం తీసేసేవాడు. అందుకే ఎదుటివాడి మాట వినపడిన తర్వాతే కదలాలన్న నియమం పెట్టుకున్నాం.

గబగబా తొక్కితే పెద్ద బుడగ నురుగుగా విడిపోయి ఆయిల్‌లో కలుస్తుంది, అది బయటకు రావడానికి గంటలు పడుతుంది. ప్రతి తొక్కుకూ నడుమ రెండు మూడు సెకన్లు ఆగి, కాలిపర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. గొట్టంలో మొదట పెద్ద బుడగలు, తర్వాత గసగసాల్లాంటి సన్నటివి, చివరకు బుడగల్లేని తేట ఆయిల్ కనిపిస్తుంది. ఐదారు తొక్కులకోసారి ట్యాంకు చూసి నింపాలి. అది అడుగంటితే మొదటికే మోసం. నిపిల్‌ను సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగుతుకు మించి బిగించకూడదు, అది బోలు బోల్టు. రంగు మీద పడిన ఆయిల్‌ను వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పెయింటు లేస్తుంది.

సాయానికి మనిషి లేకపోతే ట్యాంకు మూత తీసి, నిపిల్ వదులు చేసి, ఆయిల్ తనంతట తాను చుక్కలుగా కారేలా పది పదిహేను నిమిషాలు వదిలేయడం కూడా మంచి పద్ధతే. కొత్తగా కూర్చిన ఖాళీ కాలిపర్‌ను మొదట ఇలా నింపుకోవడం నాకు ఇష్టం. వాక్యూమ్ పంపుతో లాగేవాళ్లకు ఒక హెచ్చరిక: నిపిల్ మర చుట్ల గుండా బయటి గాలి వచ్చి అంతులేకుండా బుడగలు కనిపిస్తాయి. ఆ మర చుట్ల మొదట్లో కాస్త గ్రీజు పూస్తే ఆ మోసం తెలిసిపోతుంది.

ఏబీఎస్ ఉన్న కార్లలో ట్యాంకు పూర్తిగా ఎండిపోయి ఉంటే, ఏబీఎస్ పెట్టెలోని వాల్వుల వెనక చిక్కిన గాలి పెడల్ తొక్కుకు రాదు. స్కానర్‌తో పంపును, వాల్వులను నడిపిస్తూ గాలి తీయాలి. ఆ పరికరం ఉన్న షెడ్డుకు బండిని నడుపుకుంటూ కాకుండా, వేరే వాహనం మీద ఎక్కించుకుని వెళ్లండి.

మాస్టర్ సిలిండర్ దగ్గర ఆగినప్పుడు

పెడల్ నిదానంగా జారడం, ఎక్కడా తడి కనిపించకపోవడం, హోసులు మూసినా తేడా రాకపోవడం, ఈ మూడూ కలిస్తే మాస్టర్ సిలిండర్ మార్చవలసిందే. కొత్తదాన్ని కారుకు బిగించే ముందు వైసులో పట్టించి, దాని రంధ్రాల నుంచి చిన్న గొట్టాలను దాని ట్యాంకులోకే తిప్పి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ను మెల్లగా నెట్టి నింపుకోవాలి.

పరీక్ష

చక్రాలు బిగించాక ముందు ఇంజను ఆపి, తర్వాత ఇంజను నడుస్తుండగా పెడల్ చూడాలి. రెండో పరీక్షలో పాదాన్ని గట్టిగా నిమిషం పాటు అదిమి ఉంచి, కిందికి వంగి నాలుగు చక్రాల దగ్గరా తడి వెతకాలి. ఖాళీ మైదానంలో నడక వేగంతో ఆపి చూసి, తర్వాత 20 కిలోమీటర్ల వేగంతో చూసి, బండి ఒక పక్కకు లాగడం లేదని తేలాకే రోడ్డెక్కాలి. ప్యాడ్లు కొత్తవైతే, రద్దీ లేని చోట 50 నుంచి 10 కిలోమీటర్లకు పది పన్నెండుసార్లు మధ్యస్థంగా తగ్గిస్తూ, నడుమ చల్లారడానికి సమయమిస్తూ వాటిని డిస్కుకు అలవాటు చేయాలి.

ఆ రాత్రి నాలుగు చక్రాల కిందా పాత వార్తాపత్రిక పరిచి ఉంచండి. ఆయిల్‌లో మిగిలిన సన్నటి బుడగలు తెల్లవారేసరికి పైకి చేరి ఒకటవుతాయి కాబట్టి, పొద్దున ఇంజను వేయకముందు తొక్కిన మొదటి తొక్కు నిజం చెబుతుంది. అది నిన్నటి ఎత్తులోనే ఆగి, కాగితాలు పొడిగా ఉంటే పని ముగిసినట్లు. కాస్త దిగితే ముందు చక్రాల దగ్గర మరో నాలుగైదు తొక్కులు గాలి తీస్తే చాలు. తీసిన పాత ఆయిల్‌ను కాలువలోనో చెరువుగట్టునో పారబోయకుండా సీసాలో నింపి, వాడిన ఇంజను ఆయిల్‌తో కలపకుండా, వ్యర్థ నూనెలు తీసుకునే చోట ఇవ్వండి. బానెట్ లోపలి వైపు ఒక టేపు అంటించి ఆయిల్ పోసిన తేదీ రాయండి. రెండేళ్లకు మళ్లీ మార్చాలి.